అప్‌డేట్: లేఅవుట్‌లో పూడ్చేసిన మురుగు బోదె మళ్లీ తెరిచారు

కోనసీమలో మా ఊరి చివర వరిచేలు మెరక చేసి లేఅవుట్ వేస్తున్నారు, మురుగు బోదె పూడ్చేశారు, ఎలా ఆపాలి అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు. లేఅవుట్ ఆగలేదు, బోదె మాత్రం తిరిగొచ్చింది.

పనిచేసింది ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ పొలం కొలతల పుస్తకం) చూడమన్న సలహా. ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ స్కెచ్, అడంగల్ నకలు, ఆమోదం పొందిన ప్లాను సమాచార హక్కు కింద తీసుకున్నాం. దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. ప్లానులో బోదె ఉంది, నేల మీద లేదు! మండల సర్వేయరు కొలిస్తే బోదె పోరంబోకు మీదే రోడ్డు పోసినట్టు తేలింది. రోడ్డు కింద వేసిన అడుగు వెడల్పు గొట్టం చాలదని డ్రైనేజీ ఇంజినీరు చెప్పారు. గుర్రపుడెక్క ఒక్క గుంపు కొట్టుకొచ్చి మూతికి అడ్డం పడితే చాలు, ఎగువ చేలన్నీ మునుగుతాయి. పైగా గొట్టాన్ని బోదె అడుగు కన్నా ఎత్తులో వేశారు, అందుకే ఎండాకాలంలోనూ నీరు నిలిచేది. ఇప్పుడు అది పీకేసి, బోదె పూర్తి వెడల్పున బాక్సు కల్వర్టు కట్టారు.

సంతకాల వినతిపత్రం, ట్రాఫిక్ అభ్యంతరం అక్కరకు రాలేదు. భూమి మార్పిడి అనుమతి సక్రమంగానే ఉంది.

అర్జీలో "లేఅవుట్ వద్దు" అని రాయకండి. సర్వే నంబరు, స్కెచ్‌లోని బోదె వెడల్పు, ఇప్పుడున్న వెడల్పు రాయండి. సార్వా ఊడ్పులకు ముందే కొలిపించుకోండి, నీళ్లు నిండాక హద్దు రాళ్లు దొరకవు.