పెట్టె రాట్నం మీద వడికిన నూలుతో పసివాడికి బనీను అల్లితే వంకర పోయింది. తప్పెక్కడ?

కాకినాడ లెక్కల టీచరు:
నమస్కారమండీ. 31 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కిందటేడు ఖద్దరు భండారులో పెట్టె రాట్నం కొన్నాను. మూత తీస్తే రెండు చక్రాలు, మూస్తే సూట్‌కేసు పిల్లలా ఉంటుంది. గాంధీగారు యెరవాడ జైల్లో ఉన్నప్పుడు రూపం దిద్దుకున్న రకం. వంటింట్లో గట్టు పక్కనే పీట వేసుకుని వడుకుతాను. కుక్కరు మూడు కూతలు వేసేలోపు ఒక ఏకు (వడకడానికి చుట్టిన దూది వత్తి) అయిపోతుంది. పప్పుకి ఒక ఏకు, అన్నానికి ఒక ఏకు, అలా నా లెక్క. ఉప్మాలో ఏదైనా తెల్లగా కనబడితే చాలు, "ఇది కొబ్బరా, నీ ఖద్దరా?" అంటారు మావారు.

ఇక అసలు సంగతి. మా అమ్మాయి పురిటికి వచ్చింది, మనవడికి ఇప్పుడు రెండో నెల. ఈ కాకినాడ ఉక్కలో ఊలు వేస్తే పిల్లాడికి ఒళ్లంతా చెమటకాయలే. అందుకని నేను వడికిన నూలుతోనే చేతుల్లేని బనీను అల్లుదామని కూర్చున్నాను. నూలు మరీ సన్నం కాబట్టి నాలుగు పోగులు కలిపి పట్టుకుని, 12వ నంబరు సూదులతో, ఒక వరస నిట్ (సూటి కుట్టు), ఒక వరస పర్ల్ (తిరగ కుట్టు), మామూలుగానే అల్లాను. తొమ్మిది అంగుళాలు అయ్యేసరికి దీర్ఘచతురస్రం కావాల్సింది సమాంతర చతుర్భుజం అయి కూర్చుంది! స్కేలు పెట్టి చూస్తే పై అంచు పక్కకి అంగుళంపావు జరిగింది. కుట్లు రెండుసార్లు లెక్కపెట్టాను. ఒక్కటి పోలేదు, ఒక్కటి పెరగలేదు. ఇస్త్రీ చేస్తే బుద్ధిగా తిన్నగా పడుకుంది. తడిపితే మళ్లీ మొదటికొచ్చింది.

ఇంకోటి. పొద్దున పూట పోగు బాగానే వస్తుంది. మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుంటే మూరకోసారి తెగుతోంది. చెయ్యి తప్పా, దూది తప్పా?

పెసరట్టు ప్రియుడు:
ఎందుకండీ ఈ టెన్షన్. పసిపిల్లల బనీన్లు బజార్లో డజన్ల లెక్కన దొరుకుతాయి కదా.

కాకినాడ లెక్కల టీచరు:
ఆరు కొన్నాం బాబూ. ఇది ఏడోది.

టొరంటోలో తెనాలి అమ్మాయి:
అక్కా, అల్లిక తప్పు కాదు, పురి (వడికేటప్పుడు నూలుకి పడే మెలి) తప్పు. ఒంటి పోగులో పురి అంతా ఒకే వైపుకి ఉంటుంది. అది విప్పుకోవాలని చూస్తూనే ఉంటుంది, ఆ లాగుడికి ప్రతి కుట్టూ కాస్త పక్కకి ఒరుగుతుంది. నాలుగు కలిపి పట్టుకున్నా నాలుగింటి పురీ ఒకే వైపే కదా, నలుగురూ కలిసి ఒకే వైపు తోస్తున్నారన్నమాట. నీళ్లు తగిలితే పురికి ఇంకా బలం వస్తుంది.

అనుమానం ఉంటే ఒక పని చెయ్యి. ఆ నాలుగు పోగుల్నీ జానెడు పట్టుకుని మధ్యకి మడిచి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి వదులు. తనంతట తానే గిర్రున మెలిపడితే పురి ఇంకా మిగిలి ఉందని లెక్క. మంచి అల్లిక దారం మడిచి వదిలినా ఊరికే వేలాడుతుంది.

నేను ఇక్కడ ఆఫీసుకి వెళ్లే ట్రైన్‌లో రోజుకి నలభై నిమిషాలు ఊలు అల్లుతాను. మా అబ్బాయి సాక్సులన్నీ ట్రైన్ సాక్సులే. ఊలు సాగుతుంది, మన తప్పులు కొన్ని కడుపులో పెట్టుకుంటుంది. నూలుకి ఆ గుణం లేదు. కాబట్టి పేటలు వెయ్యాల్సిందే, అంటే కొన్ని పోగుల్ని కలిపి ఒకే దారంగా మెలెయ్యాలి, వడికిన వైపుకి కాకుండా ఎదురు వైపుకి తిప్పి. అంత ఓపిక లేకపోతే ఒక నిట్ ఒక పర్ల్ మార్చి మార్చి వేసి, తర్వాతి వరసలో నిట్ మీద పర్ల్ పడేలా అల్లు. బియ్యం గింజలు పరిచినట్టు వస్తుంది. అందులో వంకర చాలావరకు అణిగిపోతుంది.

ఒక హెచ్చరిక కూడా. నూలు బనీను వేలాడేకొద్దీ పొడుగు పెరుగుతుంది. ముందు చిన్న ముక్క అల్లి, ఉతికి, దండెం మీద ఆరేసి, అప్పుడు కొలుచుకో. నేను కొలవకుండా మా అమ్మకి అల్లిన నూలు బ్లౌజు ఇప్పుడు మా నాన్నకి సరిపోతోంది.

పొందూరు పక్కూరోణ్ణి:
మేడమ్, మా పెద్దమ్మ నలభై ఏళ్లు వడికింది. వేసవి మధ్యాహ్నం రాట్నం ముట్టేది కాదు. తెల్లారగట్ల గానీ, ముసురు పట్టినప్పుడు గానీ కూర్చునేది. దూదికి చెమ్మ కావాలి, ఎండిపోతే పెళుసెక్కుతుంది. ముందు ఆ ఫ్యాను ఆపండి. గాలి పొడిగా ఉంటే పక్కన ఓ తడిగుడ్డ ఆరేసుకోండి. ఏకుల్ని పళ్లెంలో పోసి గాలికి వదిలేస్తున్నారేమో చూడండి. మావాళ్లు ఎండిన అరటి దొప్పలో ఏకు చుట్టి, ఆ దొప్పనే చేత్తో పట్టుకుని వడుకుతారు. వేళ్ల చెమట దూదికి అంటదు.

మాది కొండపత్తి. గింజ తియ్యకముందే వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్న పళ్లకి చెత్తంతా తగులుకుని పోతుంది, పోగులు వరసలోకి వస్తాయి. చిన్నప్పుడు పెద్దమ్మ దవడ తీసుకుని తల దువ్వుకున్నానని వీపు విమానం మోత మోగించింది. దవడలు గోదావరి వైపు నుంచి రావాలి, ఊరికే దొరికేవి కాదు మరి.

సన్న ఖద్దరుకి పేరున్న మా పొందూరులో వడికేది వందో నంబరు నూలు. అంటే ఒక పౌను నూలు సాగదీస్తే 84,000 గజాలు. అంత సన్నపు ఒంటి పోగు మగ్గం మీద వంకర పోదు. ఎందుకంటే పడుగుకి (నిలువు పోగులకి) గంజి పెట్టి బిగలాగుతారు, అడ్డంగా పేక పడుతుంది, పురి కదలడానికి చోటుండదు. అల్లికలో ప్రతి కుట్టూ ఓ ఖాళీ ఉచ్చే. మీరు నేత నూలుతో అల్లిక పని చేస్తున్నారు, అదీ చిక్కు.

అరుగు మీద తాత:
అమ్మా, నాకు 74. బనీను సంగతి తెలీదు గానీ పురి సంగతి తెలుసు. మా నాన్నగారు శ్రావణం రాకముందు నుంచే అరుగు మీద కూర్చుని తకిలితో (చేత్తో తిప్పే కదురుతో) జంధ్యాలకి నూలు వడికేవారు. వడికిన పోగుని కుడిచేతి నాలుగు వేళ్ల మీద 96 చుట్లు చుట్టేవారు. దాన్ని మూడు పేటలు చేసి ఒక వైపుకి పురి, ఆ వచ్చినదాన్ని మళ్లీ మూడు పేటలు చేసి ఎదురు వైపుకి పురి. మొత్తం తొమ్మిది పోగులు. ఆ కొస పట్టుకుని వీధి చివరి దాకా వెళ్లి నిలబడటం నా ఉద్యోగం. దారిలో కుక్క అడ్డొచ్చినా వదలకూడదు.

అలా చేసిన జంధ్యం ఏడాది పొడుగునా ఒంటిమీద తడుస్తూ ఆరుతూ ఉన్నా మెలిపడేది కాదు. ఒక్క కిటుకు. మొదటిసారి పురి ఎక్కువయిందేమో అనిపించేంత పెట్టాలి. రెండోసారి ఎదురు తిప్పేటప్పుడు అందులో కొంత విప్పుకుపోతుంది. మొదట లోభిస్తే చివర్న దారం పీలగా, వదులుగా వస్తుంది.

కాకినాడ లెక్కల టీచరు:
మూడు వారాలకి మళ్లీ వచ్చాను. అరుగు మీద తాతగారూ, మీ జవాబు చదివాక నాలో లెక్కల టీచరు నిద్రలేచింది. వెయ్యి మీటర్ల చిలపని (నూలు చుట్టని) వంటింటి త్రాసు మీద పెడితే 30 గ్రాములు తూగింది. అంటే గ్రాముకి 33 మీటర్లు, దాదాపు 20వ నంబరు నూలు. పొందూరు వాళ్ల ముందు తాడే అనుకోండి. మీ జంధ్యంలా తొమ్మిది పోగులు కలుపుదామని దాన్ని తొమ్మిదితో భాగిస్తే గ్రాముకి నాలుగు మీటర్లకి కాస్త తక్కువ వస్తుంది. పసిపిల్లల ఊలు ఉండలు తెచ్చి కాగితం మీద రాసింది చూశాను, అదీ ఇంచుమించు అంతే! నేను నాలుగు పోగులతో అల్లింది దోమతెరకి తప్ప దేనికీ పనికిరాదని అప్పుడు అర్థమైంది.

వడికేటప్పుడు చక్రం కుడివైపుకి తిప్పాను. మూడు పేటలకి ఎడమకి, మళ్లీ మూడింటికి కుడికి. వీధి చివర్న నిలబెట్టడానికి మనిషి లేడు, మావారు హాలు నుంచి పెరటి గుమ్మం దాకా కొస పట్టుకుని నిలబడ్డారు, క్రికెట్ స్కోరు కనబడేలా. మొదటి చిలప లోభించాను, తాతగారు చెప్పినట్టే పీలగా వచ్చింది. దాన్ని వత్తులకి పెట్టేశాను. రెండోది గట్టిగా పురి పెట్టి, చిటికెడు చాకలి సోడా వేసి అరగంట ఉడికించాను. నీళ్లు లేత టీ రంగుకి తిరిగాయి. ఆ గిన్నె స్టవ్ మీదే వదిలేసి దేవుడి గదిలోకి వెళ్లొచ్చేసరికి మా అమ్మాయి అందులో పంచదార వేయబోతోంది.

ఆరాక మడిచి వదిలితే దారం ఊరికే వేలాడింది. ఆరంగుళాల ముక్క అల్లి, ఉతికి, దండెం మీద వేసి కొలిచాను. వంకర లేదు. పొడుగు మాత్రం ముప్పావు అంగుళం పెరిగింది, ఆ మేరకి వరసలు తగ్గించుకున్నాను. ఫ్యాను ఆపి, తెల్లవారుజామున అయిదింటికి వడుకుతున్నాను. పోగు తెగడం నాలుగో వంతుకి తగ్గింది. అరటి దొప్ప మాత్రం నా చేతిలో నిలవలేదు, జారిపోతోంది.

బనీనుకి 60 గ్రాములు కావాలి, అంటే రెండు చిలపలు. నేను గంటకి 200 మీటర్లు వడుకుతాను కాబట్టి వడకడానికే పది గంటలు, పేటలు వేరే. బారసాల ఎలాగూ అయిపోయింది, అన్నప్రాశనకి అందితే చాలు. వెనక ముక్క అయింది, ముందు ముక్క చంక దాకా వచ్చింది. తెనాలి అమ్మాయీ, మెడ దగ్గర ఎన్ని కుట్లు తగ్గించాలి? సాగని నూలాయె, తల పట్టాలి కదా. పిల్లాడి తల చుట్టుకొలత 16 అంగుళాలకి ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తక్కువ, ముందు ముక్కకి మొత్తం 64 కుట్లు, అంగుళానికి ఏడు.