యూఎస్‌బీ హబ్‌లో నాలుగో మైనర్ పెట్టగానే మిగతావీ మాయమవుతున్నాయి, అడాప్టర్‌లో ఆంపియర్లు సరిపోతున్నా సరే

హ్యాష్‌పిచ్చి:

అందరికీ నమస్తే. నా దగ్గర సొంత అడాప్టర్‌తో నడిచే పది పోర్ట్‌ల పవర్డ్ హబ్ ఒకటి, యూఎస్‌బీలో గుచ్చి బిట్‌కాయిన్ మైనింగ్ చేసే గెక్కోసైన్స్ న్యూప్యాక్ స్టిక్‌లు ఏడు ఉన్నాయి, రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ (కింద 'పై' అన్నది దీన్నే) మీద సీజీమైనర్ అనే మైనింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. సోలో మైనింగ్‌కి (ఏ గుంపులోనూ చేరకుండా ఒంటరిగా) పెట్టి వదిలేద్దామని సరదా, అంతే. డబ్బులు రావని నాకూ తెలుసు కాబట్టి "దీనికంటే లాటరీ టికెట్ కొనుక్కో" అని దయచేసి ఎవరూ రాయకండి.

మూడు స్టిక్‌ల దాకా బంగారంలా నడుస్తాయి, 200 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టాను. నాలుగోది గుచ్చితే ముందు చక్కగా కనిపిస్తుంది, ఫ్రీక్వెన్సీ మెల్లగా పెరుగుతూ 150 దాటుతుంది, అంతలో అది ఒక్కటే కాదు, దాంతోపాటు ఇంకో రెండు కూడా జాంబీ (జవాబివ్వని స్టిక్) అని పడిపోతాయి. ఒక్కటి మాత్రం ఏమీ జరగనట్టు నడుస్తూనే ఉంటుంది, అది ఎందుకు మిగిలిందో ఎంత ఆలోచించినా అర్థం కావడం లేదు. డీమెసేజ్ (లినక్స్ సిస్టమ్ లాగ్) చూస్తే వరుసగా యూఎస్‌బీ డిస్‌కనెక్ట్‌లు, తర్వాత డివైజ్ డిస్క్రిప్టర్ రీడ్ ఎర్రర్ మైనస్ 71, చివర్లో ఎన్యూమరేట్ చేయలేకపోయానని, అంటే డివైజ్‌ని గుర్తించలేకపోయానని, ఒక లైను.

అడాప్టర్ మీద 5 వోల్ట్‌లు, 6 ఆంపియర్లు అని రాసి ఉంది. ఒక్కో స్టిక్ 1.2 ఆంపియర్లు తీసుకుంటోందని చిన్న యూఎస్‌బీ మీటర్ చూపిస్తోంది, అంటే నాలుగూ కలిపి 4.8. ఇంకా 1.2 మిగలాలి కదా? ఇంకో వింత ఏంటంటే, పైని రీబూట్ చేస్తే పోయిన స్టిక్‌లు తిరిగి రావు. హబ్‌కి అడాప్టరూ పీకేసి, రాస్ప్‌బెర్రీ పైకి వెళ్లే కేబులూ పీకేసి, కాసేపు ఆగి పెడితేనే వస్తాయి. హబ్ పోయిందా, స్టిక్‌లు పోయాయా, లేక డ్రైవర్ గోలా? టెన్షన్‌గా ఉంది, ఇంకో హబ్ కొనేముందు తేల్చుకుందామని అడుగుతున్నా.

డ్రైవర్‌దాదా:

ముందు డ్రైవర్ చూడండి బ్రో. న్యూప్యాక్‌లో యూఎస్‌బీతో మాట్లాడేది ఎఫ్‌టీడీఐ చిప్, లినక్స్ దాన్ని మామూలు సీరియల్ పోర్ట్ అనుకుని తన ఎఫ్‌టీడీఐ మాడ్యూల్‌కి కట్టబెడుతుంది. సీజీమైనర్‌కేమో లిబ్‌యూఎస్‌బీ అనే లైబ్రరీ ద్వారా నేరుగా కావాలి. డివైజ్‌ని వాడే అనుమతి ఇచ్చే యూడెవ్ రూల్ ఫైల్ పెట్టకపోతే, మీ యూజర్ ప్లగ్‌డెవ్ గ్రూపులో లేకపోతే యాక్సెస్ ఎర్రర్ వస్తుంది. ఒకసారి సూడోతో (అడ్మిన్ హక్కులతో) నడిపి చూడండి, అప్పుడు సమస్య పోతే అది పర్మిషన్ గొడవే. విండోస్ వాళ్లయితే జాడిగ్ అనే టూల్ పెట్టి డ్రైవర్‌ని విన్‌యూఎస్‌బీకి మార్చాలి, పైగా అక్కడ యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా ఆపేయాలి, లేకపోతే ఖాళీగా ఉందనుకుని పోర్ట్‌ని నిద్రపుచ్చేస్తుంది.

ఫ్యూజ్‌వైరు:

దాదా చెప్పింది మొదటి స్టిక్కే దొరకని వాళ్లకి పనికొస్తుంది. ఇక్కడ మూడు నడుస్తున్నాయి, నాలుగోది కూడా 150 దాకా హ్యాష్ చేసి మరీ పడిపోతోంది. పర్మిషన్ లేని స్టిక్ అసలు మొదలే కాదు కదా, మధ్యలో పోవడానికి. మైనస్ 71 అంటే ప్రోటోకాల్ ఎర్రర్, అవతలి నుంచి వచ్చిన జవాబు చెత్తగా ఉందని అర్థం. మైనస్ 110 అయితే టైమౌట్, అసలు జవాబే రాలేదని. లోడ్ పెరిగినప్పుడే ఈ రెండూ వస్తుంటే నేను డ్రైవర్ జోలికి వెళ్లనే వెళ్లను, మల్టీమీటర్ తీస్తాను.

మీ లెక్కలో ఆంపియర్లు ఉన్నాయి, వోల్ట్‌లు లేవు. అడాప్టర్ నిజంగానే 6 ఆంపియర్లు ఇవ్వగలదనుకుందాం. దాని నుంచి హబ్ దాకా వచ్చే తీగ ఎంత లావు? సాధారణంగా అందులో 20 గేజ్ తీగ ఉంటే అదే మంచి అడాప్టర్ కింద లెక్క. 20 గేజ్ రాగి తీగకి మీటరుకి 0.033 ఓమ్ చొప్పున రెసిస్టెన్స్ ఉంటుంది. తీగ మీటరున్నర పొడుగుంటే, వెళ్లే తీగ, వచ్చే తీగ కలిపి మూడు మీటర్లు, అంటే 0.1 ఓమ్. దాంట్లో 4.8 ఆంపియర్లు పారితే 0.48 వోల్ట్ అక్కడే ఖర్చు. ఆ తర్వాత గుండ్రటి డీసీ జాక్ ఉంది, హబ్ బోర్డు మీద సన్నటి రాగి గీతలున్నాయి, ఒక్కో పోర్ట్ ముందు పాలీఫ్యూజ్ (వేడెక్కితే కరెంట్ ఆపి, చల్లారితే మళ్లీ కలిపే ఫ్యూజ్) ఉంది, అన్నీ తలా కాస్త పట్టుకుంటాయి. అడాప్టర్ దగ్గర 5.05 ఉన్నది స్టిక్ దగ్గరికి వచ్చేసరికి 4.4కి దిగినా నాకేం ఆశ్చర్యం లేదు.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. స్టిక్ మీద ఉన్నది బక్ కన్వర్టర్, అది చిప్‌లకి కావలసిన చిన్న వోల్టేజ్‌ని తయారు చేస్తుంది. చిప్‌లు తినే వాట్లు మారవు కాబట్టి లోపలికి వచ్చే వోల్టేజ్ తగ్గితే ఆ కన్వర్టర్ ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఎక్కువ లాగితే తీగలో ఇంకాస్త పడిపోతుంది, పడిపోతే ఇంకాస్త లాగుతుంది. అందుకే మూడు దాకా బాగుండి నాలుగో దగ్గర ఒక్కసారిగా కూలుతుంది, మెల్లగా పాడవడం ఉండదు. మీరు కొలిచిన 1.2 కూడా స్టిక్ ఒంటరిగా ఉన్నప్పుడు చూసిందే అయ్యుంటుంది, నాలుగూ నడిచేటప్పుడు చూడండి, అంకె మారుతుంది.

ఇక ఆ ఒక్కటి ఎందుకు మిగులుతోందంటే, పది పోర్ట్‌ల హబ్ అని అమ్మేవాటిలో చాలావరకు లోపల నాలుగేసి పోర్ట్‌ల చిప్‌లు మూడు ఉంటాయి. మొదటి చిప్ తన నాలుగు పోర్ట్‌లలో రెండు బయటికి ఇచ్చి, మిగతా రెండింటికి ఇంకో రెండు చిప్‌లు తగిలిస్తుంది. రెండూ, నాలుగూ, నాలుగూ కలిపి పది. ఏడు పోర్ట్‌లవైతే మూడూ నాలుగూ. యూఎస్‌బీ డివైజ్‌ల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌కి చెట్టు ఆకారంలో చూపించే మైనస్ టీ ఆప్షన్ ఇచ్చి చూస్తే ఏ స్టిక్ ఏ చిప్ కింద ఉందో కనిపిస్తుంది. చచ్చిపోతున్న మూడూ ఒకే చిప్ కింద, బతుకుతున్నది వేరే చిప్ కింద ఉన్నాయని నా అనుమానం.

రీబూట్ చేసినా రాకపోవడానికి పాలీఫ్యూజ్ కారణం కావచ్చు. అది వేడెక్కి తెరుచుకున్నాక, కొంచెం కరెంట్ పారుతూ ఉన్నంతసేపు వేడిగానే ఉంటుంది, కాబట్టి తెరుచుకునే ఉంటుంది. పూర్తిగా పవర్ తీసి చల్లారనిస్తేనే మామూలవుతుంది. పైని రీబూట్ చేసినంత మాత్రాన హబ్‌కి పవర్ ఆగదు కదా.

నాలుగూ నడుస్తుండగా పక్క ఖాళీ పోర్ట్‌లో ఎంత వోల్టేజ్ ఉందో, డీసీ జాక్ దగ్గర ఎంత ఉందో, అడాప్టర్ తీగని చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉందో లేదో చెప్పండి. మిగతాది తర్వాత చూద్దాం.

పైరాముడు:

ఇంకో చిన్న విషయం. పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్ట్‌లకీ కలిపి 1.2 ఆంపియర్లే, కాబట్టి హబ్ అడాప్టర్ పీకి పరీక్షిద్దామని ఎప్పుడూ అనుకోకండి, స్టిక్‌ల బరువంతా పై మీద పడుతుంది. రెండోది, రాస్ప్‌బెర్రీ పై పవర్ పీకేసి హబ్ మాత్రం ఆన్‌లో ఉంచండి. పై మీద ఎర్ర లైటు ఇంకా వెలుగుతుంటే హబ్ నుంచి 5 వోల్ట్‌లు వెనక్కి పారుతున్నాయన్నమాట. అలాంటప్పుడు పై సగం చచ్చి సగం బతికి ఉంటుంది, రీబూట్ కూడా సరిగ్గా జరగదు. చాలామంది కేబుల్ ప్లగ్‌లో వీబస్ పిన్ (5 వోల్ట్‌లు మోసేది) మీద సన్నటి టేపు ముక్క అంటిస్తారు. కానీ కొన్ని హబ్‌లు ఆ పిన్ మీద వోల్టేజ్ చూశాకే కంప్యూటర్ ఉందని నమ్ముతాయి, వాటికి టేపు వేస్తే హబ్బే కనిపించదు, అప్పుడు వెనక్కి పారకుండా లోపలే రక్షణ ఉన్న హబ్ తప్ప దారి లేదు.

రాస్ప్‌బెర్రీ పైకి అందే వోల్టేజ్ 4.63 కిందకి దిగితే అండర్‌వోల్టేజ్ అని లాగ్‌లో రాస్తుంది, అదీ ఒకసారి వెతకండి. మీ ఏడు స్టిక్‌లకి ఇది వర్తించదు గానీ, ఇది చదివి నలభై స్టిక్‌లు పెట్టేద్దామనుకునే వాళ్లకి: కొన్ని ఇంటెల్ యూఎస్‌బీ 3 కంట్రోలర్లు మొత్తం 96 ఎండ్‌పాయింట్ల (డివైజ్‌తో మాట్లాడే డేటా దారుల) దగ్గర ఆగిపోతాయి. ఒక్కో స్టిక్‌కి కనీసం మూడు, హబ్ చిప్‌లకి కొన్ని పోతాయి, పవర్ ఎంతున్నా ముప్పై దగ్గరకొచ్చేసరికి కొత్తవి దొరకవు.

హ్యాష్‌పిచ్చి:

మీ ఓపికకి దండం ఫ్యూజ్‌వైరు గారూ. కొలిచాను. ఏ స్టిక్కూ లేనప్పుడు పోర్ట్‌లో 5.06. రెండు నడుస్తుంటే 4.79. మూడు నడుస్తుంటే 4.63, ఒక్కోటి లాగేది 1.2 నుంచి 1.3కి చేరింది. నాలుగోది ఫ్రీక్వెన్సీ పెంచుతుంటే అంకెలు 4.5 దాటి కిందకి దిగుతూ ఉండగానే అన్నీ పోతున్నాయి, చివరి అంకె చదివే టైమే ఉండట్లేదు. మూడు నడిచేటప్పుడు డీసీ జాక్ దగ్గర 4.74 ఉంది, అంటే పోయేదాంట్లో ఎక్కువ భాగం హబ్‌కి చేరకముందే పోతోంది. తీగ బాగా వెచ్చగా ఉంది, జాక్ అయితే వేలు పెట్టి ఉంచలేనంత వేడి.

చెట్టు కూడా చూశాను. మీరన్నట్టే మూడు ఒక చిప్ కింద, మిగిలింది మొదటి చిప్ కింద. వాటిని రెండేసి చొప్పున విడగొట్టి ఫ్రీక్వెన్సీ 150కి దించితే నాలుగూ నిలబడ్డాయి, కానీ ఐదోది పెట్టే ధైర్యం లేదు. పవర్ పీకినా రాస్ప్‌బెర్రీ పై ఎర్ర లైటు కూడా వెలుగుతోంది పైరాముడు గారూ! టేపు వేశాక ఆగింది, హబ్ ఇంకా కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు ఇంకా పెద్ద 5 వోల్ట్‌ల అడాప్టర్, 10 ఆంపియర్లది, కొంటే సరిపోతుందా?

ఫ్యూజ్‌వైరు:

వద్దు. అదే జాక్, అలాంటి తీగే అయితే 10 ఆంపియర్లని రాసి ఉన్నా అవస్థ ఇదే. ఆ గుండ్రటి జాక్‌లు చాలావరకు 5 ఆంపియర్లు దాటితే తట్టుకోవు, మీది ఇప్పటికే వేడెక్కింది, ప్లాస్టిక్ రంగు మారిందేమో చూడండి. మారి ఉంటే ఇక దాన్ని వాడకండి, రాత్రిళ్లు వదిలేసి పడుకునే సామాను ఇది.

12 వోల్ట్‌లు తీసుకుని లోపల 5కి దించుకునే హబ్ చూడండి. 60 వాట్లు 5 వోల్ట్‌ల మీద తేవాలంటే 12 ఆంపియర్లు కావాలి, 12 వోల్ట్‌ల మీద అయితే 5 ఆంపియర్లు చాలు. పైగా దారిలో అర వోల్ట్ పోయినా లోపలి కన్వర్టర్ మళ్లీ సరిగ్గా 5 తయారు చేస్తుంది, స్టిక్‌లకి తెలియను కూడా తెలియదు. మీ ఏడు స్టిక్‌లు 200 దగ్గర ఒక్కోటి 6 వాట్ల చొప్పున 42 వాట్లు, కాబట్టి 60 వాట్ల హబ్ అయితే ఊపిరి పీల్చుకునే జాగా ఉంటుంది. అయితే అమ్మేవాళ్లు మొత్తం వాట్లు పెద్ద అక్షరాల్లో రాసి, ఒక్కో పోర్ట్ ఎంత ఇస్తుందో మూలన రాస్తారు. పోర్ట్‌కి 1.5 ఆంపియర్ల కంటే తక్కువైతే తీసుకోవద్దు.

ఒకప్పుడు 2013లో వచ్చిన బ్లాక్ ఎరప్టర్‌లకి 2.5 వాట్లు, అంటే సరిగ్గా యూఎస్‌బీ 2 పోర్ట్ ఇచ్చే 500 మిల్లీఆంపియర్లే కావాల్సి వచ్చేది, ఏ హబ్ అయినా నడిచేది. ఇప్పటి స్టిక్‌లు యూఎస్‌బీ ప్లగ్ పెట్టుకున్న హీటర్లు, వాటికి డేటా కోసం హబ్ అవసరం చాలా తక్కువ, అవసరమంతా పవర్‌కే. అన్నట్టు, చల్లార్చే ఫ్యాన్‌ని అదే హబ్‌లో గుచ్చకండి. హబ్ కూలినప్పుడు ఫ్యాన్ కూడా ఆగిపోతుంది.

హ్యాష్‌పిచ్చి:

12 వోల్ట్‌లది ఆర్డర్ పెట్టేశా. ఒక్క సందేహం మిగిలింది. ఏడింట్లో ఒక స్టిక్‌ని ఒంటరిగా పెట్టినా, పోర్ట్‌లో 5 వోల్ట్‌లు ఉన్నా, ఎల్ఎస్‌యూఎస్‌బీలో కనిపిస్తుంది గానీ సీజీమైనర్‌లో సున్నా చిప్‌లు దొరికాయని వస్తోంది. మిగతావాటికి రెండు అని వస్తుంది. ఇదీ పవర్ గొడవేనా?

డ్రైవర్‌దాదా:

ఇది హబ్ తప్పు కాదు బ్రో, స్టిక్ లోపలిదే. ఎల్ఎస్‌యూఎస్‌బీలో కనిపించేది ఎఫ్‌టీడీఐ చిప్ మాత్రమే, దానికి కాస్తంత కరెంట్ చాలు. దాని వెనకున్న రెండు మైనింగ్ చిప్‌లు పలకట్లేదు. ఫ్రీక్వెన్సీ బాగా దించి, 100 దగ్గర పెట్టి, స్టిక్ మీద చిన్న స్క్రూ లాంటి వోల్టేజ్ పాట్ ఉంటుంది చూడండి, దాన్ని కోర్ వోల్టేజ్ కొలుచుకుంటూ వెంట్రుకవాసి తిప్పండి. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్ వాడండి, ఇనుముది జారితే పక్క భాగాలు షార్ట్ అవుతాయి. చిప్‌లు పలికితే హ్యాష్‌రేట్ (మైనింగ్ లెక్కల వేగం) సరిగ్గా ఉందో లేదో లెక్కేసుకోవచ్చు, ఒక్కో చిప్‌లో 114 కోర్లు, రెండు చిప్‌లు, 100 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకి 22.8 గిగాహ్యాష్. అందులో సగమే వస్తుంటే ఒక చిప్ పోయినట్టు.

ఫ్యూజ్‌వైరు:

అదే. అప్పటికీ సున్నానే వస్తే హీట్‌సింక్ తీసి టంకాలు చూడాలి. తీసేముందు కాస్త వెచ్చబెట్టి, పక్కకి మెలితిప్పి ఊడదీయండి. పైకి లాగితే చిప్ కూడా ప్యాడ్‌లతో సహా లేచి వస్తుంది.