రెండు రోజుల్లో కలంకారీ నేర్పిస్తారట: మ్యూజియం ఇలాంటి తరగతులు పెట్టవచ్చా?

పటంప్రేమి:

మా ఊళ్ళోని చిన్న కళా మ్యూజియం వాళ్ళు రాబోయే మూడు నెలల కార్యక్రమాల పట్టికను గేటు పక్కన అంటించారు. జూలైలో చేర్యాల పటాల (కథ పాడి చెప్పడానికి గుడ్డ మీద వరుసగా బొమ్మలు వేసిన పొడవాటి చుట్టల) ప్రదర్శన. ఆగస్టులో రెండు రోజుల కలంకారీ శిక్షణ, 40 మందికి, మనిషికి 1200 రూపాయలు. సెప్టెంబరులో పిల్లలకు ఒక పూట బొమ్మల తయారీ. ఇలాంటి పట్టిక చూస్తే సంతోషం కలగాలి. నాకు మాత్రం దిగులు వేసింది. ఎందుకో చెబుతాను, మీరేమంటారో చెప్పండి.

రెండేళ్ళ క్రితం వేరే ఊరిలో ఇలాంటి తరగతికే వెళ్ళాను. బల్ల మీద ముందే గీతలు అచ్చువేసిన గుడ్డముక్క పెట్టి ఉంది. నెమలి బొమ్మ. పక్కన ట్యూబుల్లో యాక్రిలిక్ రంగులు, రెండు కుంచెలు. గీతల మధ్య రంగులు నింపాం. సాయంత్రం కలంకారీలో శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం ఇచ్చారు. ఇంట్లో గోడకు తగిలిస్తే వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఆ రెండు రోజుల్లో కలం అనేది ఒక్కసారి కూడా నా చేతికి రాలేదని అప్పట్లో నాకు తట్టనే లేదు.

నిరుడు శ్రీకాళహస్తి వెళ్ళినప్పుడు ఒక ఇంటి వసారాలో ఒక పెద్దాయన పని చేసుకుంటుంటే గంటన్నర సేపు చూస్తూ నిలబడ్డాను. చేతిలో కలం, అంటే ఒక వెదురు పుల్ల, దాని మొనకు కాస్త పైగా ఉన్ని చుట్టి దారంతో బిగించి ఉంది. దాన్ని కుండలో ముంచారు. అందులోని నీళ్ళు నల్లగా లేవు, పలచని కషాయంలా ఉన్నాయి. ఉన్నిని వేళ్ళతో మెల్లగా నొక్కుతూ గుడ్డ మీద గీత లాగారు. కళ్ళ ముందే ఆ గీత నల్లబడింది! గుడ్డకు పట్టిన కరక్కాయ, కుండలో ఊరిన ఇనుము కలిసినచోట నలుపు పుడుతుందని ఆయన చెప్పారు. నేను ధ్రువపత్రం తెచ్చుకున్న చదువులో ఇదేదీ లేదు.

బజారులో స్క్రీన్ ముద్రణ గుడ్డను కలంకారీ అని అమ్మితే మనకు కోపం వస్తుంది. మ్యూజియమే ఆ పని చేస్తే? ఏది అసలో, ఏది కాదో తెలుసుకోవడానికి మనం వెళ్ళే చోటు అది. ఆగస్టు తరగతి మానేయాలని, అదే డబ్బుతో ఎనిమిది మందికి ఆరు నెలల పాటు ప్రతి ఆదివారం నేర్పించాలని ఉత్తరం రాయబోతున్నాను. సంతకం పెట్టేవాళ్ళు ఉన్నారా?

ఇద్దరుపిల్లలతల్లి:

నేను పెట్టను. మీ బాధ నిజమైనదే, కానీ మీరు అడుగుతున్న ఆరు నెలల ఆదివారాలు ఎవరి దగ్గర ఉన్నాయి? నాకు వారానికి ఒక్కటే సెలవు. బట్టలు, సరుకులు, అత్తగారి మందులు అన్నీ ఆ రోజే. మా పెద్దమ్మాయిని ఒక పూట బొమ్మల తరగతికి తీసుకెళ్ళగలిగానంటే అది ఒక పూటే కనుక. చింతగింజల ముద్ద, రంపపు పొట్టు కలిపి బొమ్మ చేయించారు. రెండు చేతులూ మోచేతుల దాకా పులుముకుంది. ఇంటికి వచ్చాక కూడా చింతగింజ జిగురుగా ఎందుకు ఉంటుందని అడుగుతూనే ఉంది. పిల్లకు ఆ ప్రశ్న పుట్టడమే నాకు చాలు. మీరు తలుపు మూసేసి ఎనిమిది మందినే లోపలికి పిలిస్తే ఆ ఎనిమిది మంది ఎవరై ఉంటారో చెప్పనా? తీరిక ఉన్నవాళ్ళు.

రిటైర్డ్‌డ్రాయింగ్‌మాస్టారు:

పటంప్రేమి గారూ, రెండు విషయాలు సరిదిద్దాలి.

మొదటిది, కలం పట్టకపోతే కలంకారీ కాదన్నట్టు రాశారు. మచిలీపట్నం, పెడనలలో తరతరాలుగా టేకు అచ్చులతో అద్దుతున్నారు. అదీ కలంకారీయే. కరక్కాయ, పటిక, ఉడకబెట్టడం, ఏటి నీళ్ళలో జాడించడం అక్కడా ఉన్నాయి. శ్రీకాళహస్తిది రాత, పెడనది అద్దకం. రెండింటికీ వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు ఉంది, శ్రీకాళహస్తికి 2005లోనే వచ్చింది. మీరు కోప్పడాల్సింది అచ్చు మీద కాదు, యాక్రిలిక్ మీద.

రెండోది ఇంకా ముఖ్యం. తరగతులంటే చులకనగా చూస్తున్నారు. ఈనాడు శ్రీకాళహస్తిలో రాతపని బతికి ఉందంటే ఒక తరగతి వల్లనే. 1950ల నాటికి అక్కడ ఈ పని తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. చేతిపనులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో ఆ దశాబ్దం చివర శిక్షణ కేంద్రం పెట్టి జొన్నలగడ్డ లక్ష్మయ్య గారి చేత నేర్పించారు. వారి కుమారుడు గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు కలం పట్టిన చేతుల్లో చాలావాటికి గురుపరంపర వెతుక్కుంటూ వెళ్తే ఆ బడి దగ్గరే ఆగుతాం. కనుక మ్యూజియం తరగతి పెట్టడం తప్పు కాదు. అయితే ఆ బడిలో వారాంతపు సరదా లేదు. కూర్చుని నేర్చుకున్నారు, అదే పనిగా బతికారు. ఆ తేడా వరకు మీతో ఏకీభవిస్తాను.

గ్యాలరీసేవకుడు:

నేను ఇలాంటి మ్యూజియం ఒకదానిలో సెలవు రోజుల్లో ఉచితంగా పని చేస్తాను. లోపలి సంగతి కొంచెం చెబుతాను, మమ్మల్ని వెనకేసుకు రావడానికి కాదు.

ప్రవేశ రుసుముతో మా కరెంటు బిల్లు కూడా గడవదు. కాపలా మనిషి జీతం వచ్చేది తరగతుల డబ్బుతోనే. 40 మంది వస్తే నిలబడతాం, ఎనిమిది మందితో నిలబడలేం. ఇక అసలు రంగులంటారా? పటిక రాసిన గుడ్డను పారే నీళ్ళలో ఉతకాలి. మాకున్నది ఒక కుళాయి, అదీ సాయంత్రం నాలుగు దాటితే రాదు. గుడ్డను వేర్లు, చెక్కలతో ఉడకబెట్టాలంటే పొయ్యి కావాలి. పాత చిత్రాలు వేలాడుతున్న భవనంలో పొయ్యి వెలిగించడానికి మేమే ఒప్పుకోం. ఆవిరి, తడి కాగితానికీ గుడ్డకూ శత్రువులు. యాక్రిలిక్ వాడేది మోసం చేయాలని కాదు, ఇవేవీ లేక.

పటంప్రేమి:

సేవకుడు గారూ, మీ ఇబ్బందులు అర్థమయ్యాయి. కానీ కుళాయి లేకపోతే ఆ తరగతికి ‘గుడ్డ మీద రంగులు వేయడం’ అని పేరు పెట్టండి. కలంకారీ అని ఎందుకు రాయాలి?

స్వర్ణముఖి:

ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. నేను శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే ఇంట్లో పుట్టాను. మీరందరూ మాట్లాడుతున్న ఆ తరగతులకు వెళ్ళి నేర్పేది మా నాన్నగారి లాంటివాళ్ళే.

పటంప్రేమి గారూ, తరగతి మాన్పించమని దయచేసి ఉత్తరం రాయకండి. వానాకాలంలో మా ఇంట్లో పని సగం ఆగిపోతుంది. ఎండ లేకపోతే గుడ్డ ఆరదు. ఏరు బురదగా పారితే అందులో ఉతకలేం. ఆ నెలల్లో ఎవరైనా రెండు రోజులకు పిలిస్తే ఆ డబ్బుతో ఇల్లు నడుస్తుంది. ఇక ఆరు నెలల ఆదివారాలంటున్నారు. ప్రతి శనివారం రాత్రి నాన్నగారు రైలెక్కాలా? ఆయనకు 61 ఏళ్ళు.

కానీ మీ కోపం దారి తప్పలేదు. ఒకసారి నగరంలో ఒక సంస్థవాళ్ళు పిలిచారు. రంగులు మేమే తెస్తాం, మీరు బొమ్మలు గీసిపెడితే చాలన్నారు. వెళ్ళి చూస్తే ట్యూబులు. కరపత్రంలో ఉపన్యాసం ఇచ్చే ఆచార్యుల పేరు, వారి డిగ్రీలు ఉన్నాయి. నాన్నగారి పేరు ఉన్నచోట ‘స్థానిక కళాకారుడు’ అని ఉంది. ఇంటికి వచ్చి కలాల పెట్టె తెరవకుండానే అటక మీద పెట్టేశారు. నాలుగు రోజులు దించలేదు.

రెండు రోజుల్లో నిజంగా ఏమి నేర్పవచ్చో చెబుతాను, ఎందుకంటే ఈ విషయం మేము ఇంట్లో ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. నలుపు నేర్పవచ్చు. నలుపు ఒక్కటే. మొదటి రోజు పొద్దున ఎవరి గుడ్డ వాళ్ళే కరక్కాయ కలిపిన పాలలో తడిపి, పిండి, ఆరవేయాలి. అది ఆరేలోగా వెదురు చెక్కి, ఉన్ని చుట్టి ఎవరి కలం వాళ్ళు కట్టుకోవాలి. చూడటానికి తేలికగా ఉంటుంది కానీ దారం వదులైతే రంగు బొట్లు బొట్లుగా కారుతుంది, బిగువైతే దిగదు. మధ్యాహ్నమంతా చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో కాగితం మీద గీతలు దిద్దాలి. రెండో రోజు గుడ్డ మీద నల్ల గీత. ఇనుము, బెల్లం వేసి ఊరబెట్టిన నీళ్ళను మేము ఇంటి నుంచే తెస్తాం, ఎందుకంటే అవి సిద్ధం కావడానికి వారాలు పడుతుంది. దీనికి పొయ్యి అక్కర్లేదు. ఏరు అక్కర్లేదు. ఒక్క కుళాయి చాలు. నెమలి పూర్తవదు. పూర్తి కానక్కర్లేదు.

ఎరుపు ఎలా వస్తుందో, నీలం ఎప్పుడు వేస్తారో చూపించడానికి ఒకే బొమ్మ వేసిన ఐదారు గుడ్డలను ఒక్కొక్కటి ఒక్కో దశలో ఆపి తెచ్చి వరుసగా తగిలించగలం. పటిక నీళ్ళు రాసిన గుడ్డ మీద కంటికి దాదాపు ఏమీ కనబడదు. పక్కనే ఉడకబెట్టిన గుడ్డ మీద సరిగ్గా అవే చోట్ల ఎర్రగా ఉంటుంది. అది చూసినవాళ్ళు బజారులో మోసపోరు.

ఉత్తరం రాయాలనుకుంటే ఇది రాయండి. ట్యూబులు వద్దని, కరపత్రం మీద నేర్పేవారి పేరు రాయమని. దారి ఖర్చులు వేరుగా ఇమ్మని కూడా.

జనగామవాసి:

అందరూ ఆగస్టు దగ్గరే ఆగిపోయారు, జూలై ప్రదర్శన సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు అదే ఎక్కువ బాధ.

మేము పద్మశాలీలం. మా తాతగారి చిన్నతనంలో కూనపులివాళ్ళు వచ్చి మార్కండేయ పురాణం చెప్పేవారట. పటం కట్టి, కథ నడిచే కొద్దీ ఒక్కొక్క వరుస విప్పుతూ, కర్రతో బొమ్మను చూపిస్తూ పాడేవారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు పాండవుల కథ, మాదిగలకు డక్కలివాళ్ళు జాంబ పురాణం. ఎవరి పటం వారిది. చేర్యాల నకాషీలు, అంటే పటాలు రాసే చిత్రకారులు, రాసిచ్చిన ఆ పటం కథకుడికి దేవుడితో సమానం. కళ్ళు ఆఖరున దిద్దుతారు, పూజ చేసి తీసుకుంటారు. చిరిగి పాతబడితే నదిలో కలిపి కొత్తది రాయించుకుంటారు.

ఇప్పుడు మ్యూజియంలో ఏమి చూస్తాం? చాలా అడుగుల పొడవున్న పటంలో మూడు వరుసలు విప్పి, మిగతాదంతా చుట్టి, అద్దం వెనక పెడతారు. కింద చీటీ. ఆ మూడు వరుసల్లో కథ ఎక్కడ ఉందో ఎవరికీ తెలియదు. పాడే మనిషి లేకుండా పటం ప్రదర్శించడమంటే చీకటిగా ఉన్న హాలులో సినిమా రీలు వేలాడదీయడమే. నా మటుకు పటాల ప్రదర్శన పెడితే కథకుడిని పిలవాలి, లేదా ప్రదర్శన పెట్టకూడదు.

రిటైర్డ్‌డ్రాయింగ్‌మాస్టారు:

పెట్టకూడదనడం మాత్రం తొందరపాటు. నదిలో కలపడం ఆచారమే, కాదనను. కానీ అన్నీ నదిలో కలిసి ఉంటే వందా రెండు వందల ఏళ్ళ నాటి గీత ఎలా ఉండేదో ఇవాళ మనకు తెలిసేది కాదు. హైదరాబాద్‌లో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు ఓపికగా సేకరించి 1976లో మ్యూజియంగా నిలిపిన వాటిలో ఇలాంటి పాత పటాలూ ఉన్నాయి. పాతవాటి ఎరుపు నేల మీద పలచగా, ధీమాగా సాగే గీతను చూస్తే ఇప్పుడు అలంకరణ కోసం వేస్తున్న చిన్న చట్రాల బొమ్మలకూ వాటికీ తేడా కంటికి కనబడుతుంది. ఆ తేడా తెలియడానికైనా అద్దం వెనక కొన్ని ఉండాలి.

జనగామవాసి:

సరే, దాచడాన్ని వ్యతిరేకించను. మాట మార్చుకుంటున్నాను. కానీ మా తాతగారు బతికి ఉంటే చెప్పులు బయట విడిచి ఆ హాలులోకి వెళ్ళేవారు. అక్కడ కాఫీ కప్పులు పట్టుకుని పటానికి ఆనుకుని ఫోటోలు దిగడం చూసి తట్టుకోలేక వచ్చేశాను. కథకుడు ఒక్క రాత్రి పాడినా ఆ ప్రవర్తన మారుతుందని నా నమ్మకం.

గ్యాలరీసేవకుడు:

కథకుడిని పిలవడం మాకు అసాధ్యం కాదు, నిజానికి ఎవరూ అడగలేదు. అయితే మా హాలు రాత్రి ఎనిమిదికి మూసేయాలి. రాత్రంతా అంటే కుదరదు. ప్రదర్శన మొదటి ఆదివారం సాయంత్రం మూడు గంటల పాటు, పటం పూర్తిగా విప్పుతూ చెప్పిస్తే ఎలా ఉంటుంది? కొంతమంది ఇది కథను కత్తిరించడమే అంటారేమో.

జనగామవాసి:

కత్తిరించడమే. అయినా రమ్మనండి. ఎంతవరకు చెప్పాలో, ఎక్కడ ఆపాలో ఆయననే తేల్చుకోనివ్వండి.

పటంప్రేమి:

ఉత్తరం మార్చి రాశాను. తరగతి మానేయమనే మాట తీసేశాను. స్వర్ణముఖి గారు చెప్పినట్టు నలుపు వరకే నేర్పాలని, నేర్పేవారి పేరు అందరికంటే పైన ఉండాలని, దారి ఖర్చులు వేరుగా ఇవ్వాలని రాశాను. జూలైకి కథకుడిని పిలవమన్నాను. ఆరు నెలల తరగతి కోరిక మాత్రం వదులుకోలేదు. ఒకరిద్దరు కుర్రవాళ్ళు శ్రీకాళహస్తికే వెళ్ళి ఉండి నేర్చుకునేలా మ్యూజియం సాయం చేయాలని చివర చేర్చాను. శనివారం ఉదయం ఇచ్చి వస్తాను.

ఇద్దరుపిల్లలతల్లి:

ఇప్పుడు సంతకం పెడతాను. ఆ రెండు రోజులకు నేనూ మా అమ్మాయీ వస్తాం. స్వర్ణముఖి గారూ, ఒక్క సందేహం. గుడ్డ తడపడానికి ఏ పాలు తీసుకోవాలి? ప్యాకెట్ పాలు పనికొస్తాయా? పాలు ఎందుకసలు?

స్వర్ణముఖి:

గేదె పాలు, పచ్చివి, కాచకూడదు. పాలలోని కొవ్వు వల్లనే గీత పక్కకు పాకకుండా నిలబడుతుంది. ప్యాకెట్ పాలతో నాన్నగారు ఎప్పుడూ చేయలేదు, ఈసారి ఒక చిన్న ముక్క మీద చేసి చూడమంటాను. గుడ్డ ఆరాక రెండు రోజుల పాటు పాల వాసన వస్తుంది. చీమలు పడతాయి, ఎత్తున వేలాడదీయండి.