యూరప్ రైళ్లలో పోటీ: టెండర్ పిలిచినా ఒక్కరే ఎందుకొస్తారు?

ప్రశ్న – సిగ్నల్‌దీపం
ఇటలీ, స్పెయిన్‌లలో ఒకే పట్టాల మీద రెండు మూడు కంపెనీలు పోటీపడి టికెట్లు అమ్ముతున్నాయి. జర్మనీలో లోకల్ రైళ్లకేమో రాష్ట్రాలు టెండర్ పిలుస్తాయి. రెండింటినీ మార్కెట్ తెరవడమనే అంటున్నారు. తేడా ఏమిటి? టెండర్‌కు కొన్నిచోట్ల ఒకే ఒక్క కంపెనీ బిడ్ వేస్తుందట, ఎందుకని?

జవాబు – పట్టాలబాట
మొదటిది ఓపెన్ యాక్సెస్. సబ్సిడీ ఉండదు, లాభమైనా నష్టమైనా కంపెనీదే. ఇటలీలో ఇటాలో అనే ప్రైవేటు హైస్పీడ్ రైలు 2012 ఏప్రిల్‌లో మొదలైంది. స్పెయిన్‌లో పట్టాల సంస్థ ఆదిఫ్ హైస్పీడ్ లైన్ల సామర్థ్యాన్ని మూడు వాటాలు చేసి పదేళ్ల ఒప్పందాలకిచ్చింది. పెద్ద వాటా ప్రభుత్వ రైలు కంపెనీ రెన్ఫేకి, మధ్యది కొత్తగా వచ్చిన ఇర్యోకి, చిన్నది ఇంకో కొత్త కంపెనీ ఊయిగోకి. పదేళ్లపాటు దారి ఖాయమన్న భరోసా ఉంటేనే కొత్తవాళ్లు అంత పెట్టుబడికి దిగుతారు.

కొత్త సర్వీసు పెట్టాలనుకుంటే టైమ్‌టేబుల్ అమలుకు కనీసం 18 నెలల ముందే పట్టాల సంస్థకూ రెగ్యులేటర్‌కూ (రైల్వే నియంత్రణ సంస్థకు) చెప్పాలి. సబ్సిడీ రైలు ఆదాయానికి గండి పడుతుందనుకుంటే, ఆ కాంట్రాక్ట్ ఇచ్చిన ప్రభుత్వం రెగ్యులేటర్‌ను లెక్క చూడమని అడగొచ్చు. దెబ్బ గట్టిదని తేలితే అనుమతి రాదు, లేదా షరతులతో వస్తుంది.

జవాబు – డిపోలెక్క
టెండర్ల సంగతి, అంటే సబ్సిడీ రైళ్లు నడిపే కాంట్రాక్ట్ కోసం పోటీ గురించి, నేను చెప్తాను. ఈయూ 1370/2007 నిబంధన ప్రకారం కాంట్రాక్ట్ గడువు బస్సుకు 10 ఏళ్లు, రైలుకు 15 ఏళ్లు మించకూడదు. ఆపరేటరే ఎక్కువ ఆస్తులు పెట్టాల్సి వస్తే సగం వరకు పొడిగించవచ్చు. టెండర్‌కు ఏడాది ముందే ఈయూ అధికారిక పత్రికలో ప్రకటన ఇవ్వాలి. 2023 డిసెంబర్ చివరి నుంచి రైళ్లకూ టెండరే సాధారణ నియమం, మినహాయింపులు మాత్రం చాలానే మిగిల్చారు.

ఒక్క బిడ్‌కు అసలు కారణం బండ్లు. కొత్త రైళ్లు తయారై అనుమతులు వచ్చేసరికి రెండు మూడేళ్లు పడుతుంది. గెలిచినవారికి ఏడాదే గడువిస్తే, చేతిలో బండ్లున్న పాత ఆపరేటర్ తప్ప ఎవరొస్తారు? పైగా రైలు 30 ఏళ్లు నడుస్తుంది, కాంట్రాక్ట్ 15 ఏళ్లే. తర్వాత ఆ బండి ఎవరికి కావాలన్న అనుమానానికి బ్యాంకు వడ్డీ పెంచుతుంది. అందుకే స్వీడన్‌లో ప్రాంతీయ రవాణా సంస్థలు కలిసి ట్రాన్సిటియో అనే కంపెనీ ద్వారా రైళ్లు సమకూర్చుకుంటాయి. జర్మనీలో లోవర్ శాక్సనీ కూడా సొంత రైళ్లు ఉంచుకుని గెలిచినవారికి ఇస్తుంది. డిపో స్థలానికీ ఇదే చిక్కు. బండ్లు, డిపోలు చేతిలో లేకుండా టెండర్ పిలవడం తొందరపాటే.

జవాబు – కిలోమీటరు
ఇంకో పెద్ద ముడి: నష్టభయం ఎవరిది? గ్రాస్ కాస్ట్ అనే రకం కాంట్రాక్ట్‌లో టికెట్ డబ్బు ప్రభుత్వానిది, ఆపరేటర్‌కు నడిపినందుకు నిర్ణీత సొమ్ము. మన ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సుల జీసీసీ (గ్రాస్ కాస్ట్ కాంట్రాక్ట్) ఈ పద్ధతే. నెట్ కాస్ట్‌లో టికెట్ ఆదాయమే ఆపరేటర్‌ది, జనం తగ్గితే దెబ్బ తనకే.

జర్మనీలో లోకల్ రైళ్లు నడిపే అబెలియో కంపెనీ 2021 జూన్‌లో దివాలా రక్షణ కోరింది. జీతాలు పెరిగినంతగా కాంట్రాక్ట్ సూచీ (ఖర్చులను బట్టి చెల్లింపు పెంచే కొలత) పెరగలేదు, పట్టాల పనులవల్ల ఆలస్యమైనా చెల్లింపులో కోతలు తననే తాకాయి. 2022 ఫిబ్రవరి 1 నుంచి నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో దాని రైళ్లు అత్యవసర కాంట్రాక్ట్‌లపై ఇతరులకు వెళ్లాయి. అందుకే జీతాలకూ కరెంటుకూ వేర్వేరు సూచీలు రాయాలి, ఆపరేటర్ చేతిలో లేని ఆలస్యానికి కోత పెట్టకూడదు.

సిగ్నల్‌దీపం
ధన్యవాదాలండి. ఆపరేటర్ మారితే డ్రైవర్ల గతేంటి?

డిపోలెక్క
సిబ్బందిని కొత్త ఆపరేటర్ తీసుకోవాలని టెండర్‌లోనే షరతు పెట్టొచ్చు, 1370 అందుకు ఒప్పుకుంటుంది. పెట్టకపోతే ప్రారంభం రోజునే రైళ్లు రద్దయ్యే ప్రమాదం ఉంది, ఎందుకంటే బయటి నుంచి తెచ్చిన డ్రైవర్‌కు లైన్ నేర్పాకే బండి అప్పగించగలరు.