టోంగా నుంచి ఫిజీకి తెరచాప పడవలో: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

ఆక్లాండ్_అల
అందరికీ నమస్కారం. జులైలో టోంగాలోని వవావు నుంచి ఫిజీలోని సవుసవుకి ఒక పడవలో క్రూగా వెళ్తున్నాను. సుమారు 400 నాటికల్ మైళ్లు, గాలి బాగుంటే మూడు నాలుగు రోజులు అంటున్నారు. ఓనరుతో కలిపి ముగ్గురమే. ఇక్కడ తీరం పొడుగునా సెయిలింగ్ బాగానే చేశాను కానీ రాత్రిళ్లు నడిసముద్రంలో ఉండటం ఇదే మొదలు, కొంచెం టెన్షన్‌గా ఉంది. దేనికి సిద్ధపడాలో చెప్పండి.

పసిఫిక్_పోటు
జులై మంచి టైమే చెల్లీ, అక్కడ తుపాన్ల సీజన్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఆగ్నేయం నుంచి 15-25 నాట్ల (గంటకి అన్ని నాటికల్ మైళ్ల) గాలి వీపు మీద ఉంటుంది. వెనకగాలి అంటే సుఖమని చాలామంది అనుకుంటారు కానీ పడవ అటూ ఇటూ ఒకటే దొర్లుతుంది, గిన్నె స్టవ్ మీద నిలవదు, మనిషి బంకు మీద నిలవడు. వాంతుల మాత్ర బయల్దేరే ముందే వేసుకో, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది కూడా బయటికే వస్తుంది.

అసలు భయపడాల్సింది బూమ్‌కి, అంటే తెరచాప అడుగున ఉండే అడ్డదూలానికి. చుక్కాని పట్టినవాళ్లు కాస్త ఏమరితే గాలి తెరచాప అవతలి పక్కకి మారి, బూమ్ ఒక్క ఊపున డెక్ మీదుగా ఇటు నుంచి అటు కొడుతుంది. తల అడ్డం ఉంటే ఇక చెప్పేదేం లేదు. బూమ్ చివర నుంచి పడవ ముందుకి అది అలా ఊగకుండా ఆపే ప్రివెంటర్ తాడు బిగించారో లేదో రోజూ వెలుగుండగానే నీ కళ్లతో నువ్వు చూసుకో.

సువా_నుంచి
పైన చెప్పినదంతా నిజమే, కానీ నన్నడిగితే ఈ దారిలో గాలి కంటే వెలుతురు ముఖ్యం. ఫిజీ ముందర లౌ దీవులు అడ్డంగా ఉంటాయి, వాటి చుట్టూ నీటికి కాస్త కిందే పగడపు దిబ్బలు. రాత్రిపూట అల విరిగే తెలుపు కంటపడేసరికే ఆలస్యమైపోతుంది. నానుకు జలమార్గం దగ్గరికి ఏ వేళకి చేరతారో లెక్క వేసుకుని బయల్దేరండి. చీకట్లో చేరేలా ఉంటే ముందే తెరచాపలు తగ్గించండి, లేదా బయటే పడవని నిలవేసి తెల్లారేదాకా ఆగండి. నేల కనిపించాక ఎవరికీ ఓపిక ఉండదు, స్నానం చేయాలనుంటుంది, సరిగ్గా అక్కడే పడవలు పోతాయి.

సవుసవు చేరకముందు దారిలో ఏ దీవిలోనూ లంగరు వేయకూడదు, ముందు ఫిజీలోకి అధికారికంగా ప్రవేశించాలి. ఇంకోటి, మధ్యలో 180 డిగ్రీల రేఖాంశం దాటతారు. తేదీ మారదు, గడియారం గంట వెనక్కి జరుగుతుంది అంతే. కానీ జీపీఎస్‌లో పశ్చిమం కాస్తా తూర్పు అవుతుంది, అందులో దారి పాయింట్లు కొట్టేటప్పుడు ఆ అక్షరం (W, E) ఇద్దరు చూడండి.

బ్రిస్బేన్_బాబు
చార్టు జూమ్ చేసి చూడమని కూడా చెప్పండి. 2014లో వోల్వో ఓషన్ రేస్‌లో వెస్టాస్ పడవ హిందూ మహాసముద్రంలో దిబ్బ మీదకి ఎక్కేసింది. వాళ్లంతా ప్రొఫెషనల్సే, స్క్రీన్ మీద జూమ్ చాలక దిబ్బ సరిగ్గా కనబడలేదు.

టోంగాలో నీళ్ల కింద అగ్నిపర్వతాలున్నాయి. 2019 ఆగస్టులో వవావు నుంచి ఫిజీ వెళ్తున్న ఒక జంట పడవ రాత్రిపూట తేలే ప్యూమిస్ (అగ్నిపర్వతాల నుంచి వచ్చే తేలికైన) రాళ్ల మధ్యకి వెళ్లిపోయింది. గోలీ సైజు నుంచి బాస్కెట్‌బాల్ సైజు దాకా రాళ్లే, నీళ్లు కనబడనంతగా. అలాంటివి ఎదురైతే ఇంజిన్‌లోకి సముద్రపు నీళ్లు తీసుకునే ఫిల్టర్ మూసుకుపోతుంది. అది ఎక్కడుందో, ఎలా విప్పాలో రేవులో ఉండగానే నేర్చుకోండి.

విశాఖ_మర్చంట్‌నేవీ
అమ్మా, ముగ్గురే కాబట్టి మూడు గంటల వాచ్ (కాపలా డ్యూటీ), ఆరు గంటల విశ్రాంతి. ఆ ఆరు గంటల్లో కబుర్లు పెట్టుకోకుండా పడుకో, రెండో రాత్రికి దాని విలువ తెలుస్తుంది. వాచ్‌కి వచ్చేటప్పుడు ఇంకా లోపల మెట్ల మీద ఉండగానే హార్నెస్ (ఒంటికి కట్టుకునే రక్షణ పట్టీ) కొక్కెం తగిలించు, డెక్ మీదకి వచ్చాక కాదు. ఏఐఎస్ (చుట్టూ ఉన్న ఓడల్ని స్క్రీన్ మీద చూపే పరికరం) ఉంది కదా అని కూర్చోవద్దు, చిన్న చేపల పడవలు చాలావాటికి అది ఉండదు. పది పదిహేను నిమిషాలకోసారి లేచి చుట్టూ చూడాలి.

వీలుంటే కాసేపు స్క్రీన్ ఆపి అలల తీరు గమనించు. 1976లో హొకులేఆ అనే పాలినేషియన్ తెరచాప పడవ హవాయి నుంచి తాహితీకి పరికరాల్లేకుండా వెళ్లింది, దారి చూపిన మౌ పియైలుగ్ నక్షత్రాలతో పాటు అలలు వచ్చే దిక్కునీ, పక్షుల్నీ లెక్కలోకి తీసుకున్నాడు. సాయంత్రం టెర్న్ పక్షులు ఎటు ఎగురుతున్నాయో అటు నేల ఉంటుంది. ఇక టెన్షన్ అంటావా, మన విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్న ఆరుగురు నేవీ ఆఫీసర్ల బృందం తారిణి అనే తెరచాప పడవలో దక్షిణ పసిఫిక్ దాటి 2018 జనవరిలో కేప్ హార్న్ చుట్టి వచ్చింది. ఆ చలితో పోలిస్తే నీ దారి చాలా నయం.

ఆక్లాండ్_అల
అందరికీ చాలా థాంక్స్. ఫిల్టర్ సంగతి, కొక్కెం సంగతి రాసుకున్నాను. తిండికి పులిహోర కలిపి పెట్టుకోనా?

సువా_నుంచి
కలుపుకో, మొదటి రోజుకి బాగుంటుంది, ఆ తర్వాత అటుకులు, ఉప్మా రవ్వ. పళ్లు, కూరగాయలు, తేనె చేరేలోపే అయ్యేలా తెచ్చుకో, మిగిలితే ఫిజీ బయోసెక్యూరిటీ వాళ్లు పట్టుకెళ్తారు. కరివేపాకు అసలు తేవద్దు, ఇక్కడే దొరుకుతుంది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా గిర్మిట్ (ఒప్పందపు) కూలీలుగా వచ్చినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. పసుపు జెండా ఎగరేసి, అధికారులు వచ్చి చూసేదాకా ఎవరూ దిగకండి.