రాత్రి కాల్‌లో జనం మీదికొస్తే ఏం చేయాలి?

రాయగడ కుర్రోడు:
108 అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే దారిలో పేషెంట్‌ని చూసుకునే పనిలో, కొత్తగా చేరాను. ఒడిశాలో గునుపూర్ వైపు రాత్రి యాక్సిడెంట్ అంటే మేం దిగేలోపే తాగినవాళ్లు చుట్టుముట్టి, ఇంత ఆలస్యమా అని తలుపు లాగేస్తున్నారు. పేషెంట్‌ని చూడాలా, మనల్ని కాపాడుకోవాలా? టెన్షన్‌గా ఉంది.

పర్లాకిమిడి అన్న:
ముందు నువ్వు, నీ డ్రైవరు, ఆ తర్వాతే పేషెంట్. వినడానికి స్వార్థంలా ఉంటుంది గానీ నువ్వు పడిపోతే ఇంకో బండి రావాలి, ఘాట్‌లో అదెంతసేపో నీకే తెలుసు. దారిలోనే కాల్ చేసినవాళ్లకి ఫోన్ చేసి గొడవేమైనా ఉందా, కరెంటు తీగ పడిందా అని అడుగు, గొడవుంటే దూరంగా ఆగి పోలీసుల కోసం 112కి చెప్పు. బండి బయటికి పోయే వైపు తిప్పి పెట్టించు. గుంపులో పెద్దగా అరిచేవాడికే టార్చ్ ఇచ్చి పట్టుకోమను, సగం గోల తగ్గుతుంది.

కోరాపుట్ నర్సమ్మ:
తీగ పడితే చుట్టూ నేల కూడా షాక్ కొడుతుంది, కరెంటోళ్లు లైన్ ఆపామనే దాకా దగ్గరికెళ్లకు తమ్ముడూ, మన గ్లౌజులు దానికి పనికిరావు. వాడిన సూది గుచ్చుకుంటే సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రిలో చెప్పు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలవ్వాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది.

రాయగడ కుర్రోడు:
సరే అక్కా. ఊళ్లో సవర భాష తప్ప ఇంకేం మాట్లాడకపోతే?

పర్లాకిమిడి అన్న:
ఆ ఊరి ఆశా దీదీని పిలువు, కుదిరితే బండెక్కించుకో.