మల్లియలార! మీ "పొదలమాటున"నా, "పొదరింటిలోన"నా?

పూలబాట: కాలనీ పార్కులో కొత్త గెజిబో మీదికి మల్లె పాకిస్తున్నారు. స్తంభానికి పోతన భాగవతంలో గోపికలు కృష్ణుణ్ణి వెతికే "నల్లనివాడు" పద్యంలోంచి ఒక పాదం రాతిపలక మీద చెక్కించాలని కమిటీ ఆలోచన. శరత్పూర్ణిమకి ఆవిష్కరణ. నా నోట ఆడుతున్నది "మల్లియలార మీ పొదరింటిలోన లేడు గదమ్మ చెప్పరే". గెజిబో అంటే పొదరిల్లే కదా, చక్కగా అతుకుతుంది. కానీ చదువుతుంటే నడక ఎక్కడో కుంటుతోంది. సరైన పాఠం చెప్పగలరా? రాతి మీద పడ్డాక దిద్దుకోలేం.

గణబద్ధుడు: "మీ పొదలమాటున లేడు గదమ్మ చెప్పరే". పద్యం ఉత్పలమాల. అందులో మూడో గణం (అక్షరాల గుంపు) నగణం, అంటే మూడు లఘువులు (పొట్టి అక్షరాలు). "పొదల" మూడూ లఘువులే. "పొదరిం" అనగానే మూడోది గురువై (నిడివి అక్షరమై) కూర్చుంటుంది, మీకు కుంటినట్టు అనిపించింది అక్కడే. పైగా పదో అక్షరం "మా". "మల్లియ"లోని మకారానికి యతి (పాదం మొదటి అక్షరానికి కుదరాల్సిన మైత్రి) దానితోనే. "మాటున" తీసేస్తే గణం, యతి రెండూ పోతాయి. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు.

తోటమాట: పాఠం గురించి లేకపోవచ్చు, పూల గురించి ఉంది. గోపికలు వెతుకుతున్నది శరద్రాత్రిలో. మల్లె పూసేది ఫాల్గుణం నుంచి జ్యేష్ఠం దాకా. వానల్లో అడపాదడపా నాలుగు మొగ్గలు వేస్తుంది, అంతే. ఆశ్వయుజంలో మల్లెని పిలవడమేమిటి?

శబ్దవేది: మూలంలోనే ఉందండీ. సంస్కృత భాగవతంలో రాసలీల చెప్పే అయిదు అధ్యాయాల రాసపంచాధ్యాయి మొదటి శ్లోకంలోనే "శరదోత్ఫుల్లమల్లికాః", శరత్తులో విచ్చిన మల్లెలు. తర్వాతి అధ్యాయంలో "మాలత్యదర్శి వః కచ్చిన్మల్లికే జాతియూథికే", మాలతీ, మల్లికా, జాజీ, యూథికా, మీకు కనిపించాడా అని. అకాలంలో పూయడం భగవత్సంకల్పం వల్లనని సమాధానం చెప్పుకోవడం ఎప్పటినుంచో ఉంది. పోతన ఆ నాలుగింటిలోంచి మల్లికని ఏరుకున్నాడు.

గణబద్ధుడు: ఏరుకున్నాడనడం కన్నా ప్రాస (ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే కావాలన్న నియమం) ఏరించిందనడం నయం. నల్లని, జల్లెడు, జిల్లెడు, మల్లియ. ద్విత్వ లకారం ఉన్న పువ్వు కావాలి. జాజి, మాలతి, యూథిక ఏదీ పనికిరాదు.

తోటమాట: మొల్ల ఉందిగా? చలికాలానికి దగ్గర పువ్వు. మల్లె కన్నా ఋతువుకి మెరుగు.

గణబద్ధుడు: "మొల్లలార" అంటే గురువు, లఘువు, గురువు. మొదటి గణం భగణం (గురువు, రెండు లఘువులు) కావాలి, కుదరదు. "మొ"కి "మా"తో యతీ చెల్లదు. పోతన మొల్ల జోలికి పోలేడు.

శబ్దవేది: సంస్కృత నిఘంటువు అమరం చూడండి: "తృణశూన్యం తు మల్లికా, భూపదీ శీతభీరుశ్చ". శీతభీరువు, చలికి జడిసేది! నిఘంటుకర్తకి మల్లె కాలం ఎంత బాగా తెలుసో ఆ ఒక్క పేరు చాలు. ఆ వెంటనే "సైవాస్ఫోటా వనోద్భవా" అంటాడు. అడవిలో పుట్టిన మల్లెకి వేరే పేరు. బృందావనంలో గోపికలు పిలిచింది ఆ అడవిమల్లెనే అని నా పక్షం. మన పెరటి మల్లె లెక్కలు దానికి వర్తించవు.

తోటమాట: అంత దూరం పోనక్కర్లేదండీ. పోతన ఏ మాట వాడాడో చూడండి. పూలు అనలేదు, పొదలు అన్నాడు. మల్లెని కార్తికం చివర, అంటే నవంబరు ఆఖరులో, నీళ్ళు ఆపి, ఆకు దులిపి, నేలకి అడుగున్నర ఎత్తున కత్తిరిస్తారు. కొత్త చిగురు కొసనే మొగ్గ వస్తుంది కాబట్టి ఈ కోత లేనిదే మార్చిలో పూత లేదు. అంటే కోతకి ముందు నెల, సరిగ్గా శరత్తులో, పొద ఏడాది మొత్తంలోకీ గుబురుగా ఉంటుంది. వానలకి ఎదిగిన ఆకు, కొమ్మ మీద కొమ్మ. వెనక మనిషి దాగితే కనపడడు. చైత్రంలో అయితే పూలుంటాయి గానీ మాటు ఉండదు. "పొదలమాటున" అన్నది తోట తెలిసినవాడి మాట. యతి కోసం పడ్డ మాట కాదు.

గణబద్ధుడు: కోత, కత్తిరింపు పెంచుకునే మల్లెకి. బృందావనంలో ఎవరు కత్తిరించారు?

తోటమాట: పశువులు మేస్తాయి. మందలు తిరిగే చోటు కదా!

పూలబాట: అయితే గెజిబో మీద మల్లె శరత్తులో పచ్చగా ఉంటుందన్నమాట. పలక పక్కన పూలు లేకపోయినా ఫరవాలేదు. కానీ నవంబరులో అడుగున్నరకి కొట్టేస్తే గెజిబో బోడిగా మిగలదా?

తోటమాట: మిగులుతుంది. అసలు మల్లెకి నులితీగలుండవు, తనంతట తాను పాకదు. అరటినారతోనో గోనెపురితోనో కట్టుకుంటూ పోవాలి. స్తంభానికి ఆనించి నాలుగైదు పెద్ద కాడలు మాత్రం ఉంచండి. పక్కకొమ్మల్ని జానెడు మిగిల్చి కోయించండి. పూత కొంత తగ్గుతుంది, కప్పు నిలుస్తుంది. మొక్కని చూరు కింద పెట్టొద్దు, చూరునీళ్ళు పడే గీతకి రెండడుగులు బయట, తూర్పునో దక్షిణాననో నాటండి. రోజుకి ఆరు గంటల ఎండ లేకపోతే ఆకే తప్ప మొగ్గ రాదు. యూరియా ఎక్కువైనా అంతే. పైకప్పుకి సన్నజాజి పాకిస్తే వానల నుంచి శరత్తు దాకా అది పూస్తుంది, మల్లె వేసవి చూసుకుంటుంది.

శబ్దవేది: మాధవి పెట్టండి! కాళిదాసు మేఘసందేశంలో యక్షుడి ఇంటి తోటలో "కురబకవృతేర్మాధవీమండపస్య". గోరింట జాతి కంచె, మధ్యలో మాధవీలత అల్లుకున్న మండపం. గెజిబోకి అంతకన్నా పాత పటం ఏం కావాలి?

తోటమాట: కురబకం గోరింట కాదు, ముళ్ళగోరింట. మాధవి సంగతంటారా, అది మానుతీగ. పదేళ్ళు తిరిగేసరికి మొదలు చేతిమణికట్టంత అవుతుంది, సన్న ఇనుప చట్రాన్ని వంచేస్తుంది. రెండంగుళాల జి.ఐ. పైపు, అడుగున రెండడుగుల లోతు కాంక్రీటు ఉంటేనే ఆ ఊసెత్తండి. నర్సరీలో మాధవి అడిగితే చాలాచోట్ల రాధామనోహరం చేతిలో పెడతారు, చూసుకోండి. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ, ఆపైన ఎరుపు తిరిగితే అది మాధవి కాదు. మాధవికి అయిదు రేకులు, అంచులు చీలికలు, ఒక రేకు మీద పసుపు మచ్చ. కాయకి మూడు రెక్కలు.

గణబద్ధుడు: శరద్రాత్రి అంటే నాకు నన్నయ్యే. "వికసన్నవకైరవ గంధబంధురోదార సమీర"… మల్లె ఊసే లేదు, కలువ వాసనతోనే రాత్రంతా నింపాడు. ఋతువు విషయంలో నన్నయ ఎక్కడా జారడు.

శబ్దవేది: పోతన జారాడనా మీ భావం? ఈ పద్యానికి ముందున్న సీసపద్యంలో "బంధూక కానవే బంధుమిత్రు" అన్నాడు. మంకెన అచ్చంగా శరత్తు పువ్వు.

గణబద్ధుడు: అదే సీసంలో "కుందంబ కానవే కుందరదను" కూడా ఉంది. కుందం (మొల్ల) హేమంతానిది. అక్కడ నడిపించింది శబ్దం, ఋతువు కాదు.

పూలబాట: పద్యం మొత్తం చెక్కిద్దామంటున్నారు ఇప్పుడు. మూడో పాదం చివర "మానధనంబు దోచెనో" అనే రాయించనా?

శబ్దవేది: "దెచ్చెనో". దోచిన సొత్తు మీ దగ్గరికి తెచ్చాడా అని మల్లెల్నే నిలదీస్తున్నారు. అందుకే తర్వాత "మీ పొదలమాటున". దోచెనో అంటే ఆ లంకె తెగిపోతుంది.

గణబద్ధుడు: రెండూ ఛందస్సుకి సరిపోతాయి. కానీ జనం నాలుక మీదున్నది దోచెనో. మానధనం అన్నాక దోచడమే క్రియ. తేవడం చప్పగా లేదూ?

శబ్దవేది: చప్పదనం కాదండీ, పట్టుబడ్డ దొంగసొత్తు జాడ అది. అచ్చుప్రతి తీసి చూసి మాట్లాడండి.

తోటమాట: పలక ఏ వైపు స్తంభానికి బిగిస్తున్నారో చెప్పండి ముందు. మల్లె నాటిన తూర్పు ముఖమో దక్షిణ ముఖమో అయితే మల్లె కమ్ముకుని అక్షరాలు కనపడవు.